లెక్కకు రాని పళ్ళెం

తెల్లవాళ్ళు రాకముందునుంచీ ఈ తీరాన ఉన్న మా హెలామిష్ తెగలో పెళ్ళయినా చావైనా, ఏ విందుకైనా ఆల్చిప్పలు ఉడికించే పని ఆంబ్రోస్ చెలాక్‌దే. ఒడ్డున గుంట తవ్వి, రాళ్ళను ఎర్రగా కాల్చి, వాటిమీద తడి నాచు పరిచి, బస్తాలకొద్దీ ఆల్చిప్పలు పోసి, మళ్ళీ నాచు కప్పేవాడు. ఎప్పుడు తియ్యాలో గడియారం చూసి చెప్పేవాడు కాదు. ఆవిరి వాసన మారిందంటే లేచేవాడు. ఆయన లేచాడంటే పిల్లలంతా పళ్ళేలు పట్టుకుని వరసలోకి వచ్చేవాళ్ళు.

ఇదంతా బోర్డులు పెట్టకముందు మాట.

సముద్రం కొండల మధ్యకు దారి చేసుకుని లోపలికి వచ్చి ఆగిపోయే పాయ మాది. ఇటు ఒడ్డున మా ఇళ్ళు. అటు ఒడ్డున ఒకప్పుడు కాగితపు మిల్లు, దాని పక్కనే ఓడలు బాగుచేసే యార్డు. మా మగవాళ్ళలో సగంమంది అక్కడే పనిచేశారు. ఆంబ్రోస్ కూడా పడుచుతనంలో ఆ యార్డులో ఓడల అడుగున పాత రంగు గీకేవాడు. గీకిన పొట్టును సాయంత్రం గొట్టంతో నీళ్ళు కొట్టి పాయలోకి తోసెయ్యమనేవాళ్ళు, తోసేసేవాళ్ళు. మిల్లు మూతపడింది, యార్డు మూతపడింది. వాళ్ళు వదిలిందంతా అడుగు బురదలో ఉండిపోయింది. పాదరసం ఉందన్నారు, పేరు నోరు తిరగని నూనెలేవో ఉన్నాయన్నారు. ఒకరోజు రాష్ట్రప్రభుత్వం వాళ్ళు వచ్చి ఒడ్డు పొడవునా బోర్డులు పాతారు. ఆల్చిప్ప బొమ్మ, దానిమీద అడ్డంగా ఎర్రగీత.

మా ముత్తాతలు ఈ నేలంతా తెల్లవాళ్ళ ప్రభుత్వానికి వదులుకుంటూ ఒప్పందం మీద వేలిముద్రలు వేసినప్పుడు, మాకంటూ అట్టేపెట్టుకున్నది ఒకటే: ఈ నీళ్ళలో చేపలు పట్టుకునే హక్కు, ఈ ఒడ్డున ఆల్చిప్పలు తవ్వుకునే హక్కు. హక్కు ఎక్కడికీ పోలేదు. తినకూడదు, అంతే.

ఆంబ్రోస్ తన నాలుగు ముళ్ళ పారను కడిగి ఇంటి వెనక చూరుకు దూర్చాడు. విందులకు కోడిమాంసం వచ్చింది. ఇరవై ఏళ్ళు పైనే గడిచాయి. ఆల్చిప్ప రుచి తెలియని పిల్లలు పెరిగి పెద్దవాళ్ళై పెళ్ళిళ్ళు చేసుకున్నారు.

అప్పుడు పాయను శుభ్రం చేస్తామన్న మాట వచ్చింది. మిల్లు ఆస్తి కొన్నవాళ్ళ మీద, యార్డు వారసుల మీద తెగ పెద్దలు ఎన్నో ఏళ్ళుగా నడిపిన కేసులు చివరికి అక్కడికి తెచ్చాయి. అయితే ఎంత శుభ్రం చెయ్యాలి? బురదలో విషం ఎంతకు తగ్గితే చాలు? ఆ అంకె ఒకటి తేలాలి. దాన్ని తేల్చడానికి ముందు ఇంటింటికీ వెళ్ళి జనం ఎంత తింటున్నారో అడగాలన్నారు. అడిగే పనికి తెగ చేపల ఆఫీసులో ఉన్న రోవీనాను పెట్టారు. రోవీనా ఆంబ్రోస్ అక్క కూతురు. నలభై దాటిన మనిషి, మాట తక్కువ, నవ్వితే మేనమామ నవ్వే.

మార్చి నెలలో ఒక పొద్దున ఆవిడ ఆంబ్రోస్ ఇంటికి వచ్చి, వంటింటి బల్లమీద ఒక పెట్టె తెరిచింది. లోపల రబ్బరుతో చేసిన చేపముక్కలు, రబ్బరు ఆల్చిప్పలు, చిన్నవీ పెద్దవీ.

ఆంబ్రోస్ ఒకటి తీసి నొక్కి చూశాడు. "ఇదేంటే?"

"నమూనా మావయ్యా. నువ్వు తినేది ఇంతుంటుందా, ఇంతకంటే పెద్దదా అని చూపించడానికి."

"ఇర్మా, ఇటు రా. ప్రభుత్వం వారు మనకి భోజనం పంపించారు."

పొయ్యి దగ్గరున్న ఇర్మా తిరిగి చూడలేదు. ఆంబ్రోస్ భార్య ఆవిడ. "ముందు నువ్వు తిను. బతికుంటే నేను తింటాను," అంది.

రోవీనా నవ్వి, కాగితాలు సర్దుకుని మొదలుపెట్టింది. పోయిన ఏడాదిలో ఈ పాయలో ఆల్చిప్పలు ఎన్నిసార్లు తిన్నారు? లేదు. పీతలు? లేదు. అడుగున తిరిగే బల్లపరుపు చేప? లేదు. అడిగినదానికల్లా ఆంబ్రోస్ తల అడ్డంగా ఊపాడు. ఆవిడ గళ్ళలో సున్నాలు వేసుకుంటూ పోయింది. కొంతసేపటికి ఆయన ఆ సున్నాలను కాదు, ఆవిడ మొహం చూడటం మొదలుపెట్టాడు.

"ఏమయిందే? నేను తప్పు చెప్పానా?"

"లేదు మావయ్యా. నిజమే చెప్పావు. అందరూ ఇదే చెప్తున్నారు."

"మరి ఆ మొహమేంటి?"

రోవీనా కలం మూత పెట్టింది. "బురదలో విషం ఎంతవరకు ఉండనివ్వొచ్చో తేల్చాలి కదా. దానికి జనం ఎంత తింటారన్నది కావాలి. రోజూ తినేవాళ్ళుంటే బురద బాగా శుభ్రంగా ఉండాలి. ఎప్పుడో ఒకసారి తినేవాళ్ళయితే కాస్త మురికున్నా ఫర్వాలేదంటారు."

"అసలు తినకపోతే?"

"తినకపోతే చాలా మురికున్నా ఫర్వాలేదు."

పొయ్యిమీద ఏదో గరిటెతో తిప్పుతున్న ఇర్మా చెయ్యి ఆగింది.

"తినొద్దని బోర్డు పెట్టిందెవరు?" అన్నాడు ఆంబ్రోస్.

"వాళ్ళే."

"బోర్డు చూసి మానేసింది మనం."

"ఆఁ."

"మానేశాం కాబట్టి కడగక్కర్లేదు."

"అదొక్కటే కాదు మావయ్యా, ఇంకా చాలా లెక్కలుంటాయి..."

"అంతేనా, కాదా?"

"చాలావరకు అంతే."

ఇర్మా గరిటె పట్టుకునే బల్ల దగ్గరికి వచ్చింది. "శుభ్రంగా ఉంటే ఎంత తినేవాళ్ళో అడగరా?"

"అడుగుతాం అత్తా. ఆఖరి పేజీలో ఉంది. కానీ దాన్ని లెక్కలో వెయ్యరంట. అది కోరికంట. కోరికను కొలవలేం అన్నారు."

"కోరికంట," అన్నాడు ఆంబ్రోస్, రబ్బరు ఆల్చిప్పను పెట్టెలో జాగ్రత్తగా పెడుతూ. తర్వాత ఇంకొకటి అడిగాడు. "మళ్ళీ వస్తావా, ఇంతటితో అయిపోయినట్టేనా?"

"మూడు నెలలకోసారి వస్తాను. ఏడాదంతా అడగాలి."

"సరే. రా," అన్నాడు ఆయన.

ఆ తర్వాతి పాటుకు, నీళ్ళు బాగా వెనక్కి తీసిన రోజున, ఆంబ్రోస్ చూరులోంచి పార లాగాడు. పిడి పురుగు తినేసింది. కొత్త పిడి చెక్కుకుని, బకెట్టు పట్టుకుని, బోర్డు పక్కనుంచే నడిచి బురదలోకి దిగాడు. ఇరవై ఏళ్ళు ఎవరూ ముట్టని ఒడ్డు. ఒక్క పార లోపలికి దింపి తిప్పితే ఆల్చిప్పలు గుత్తులుగా పైకి వచ్చాయి, అరచెయ్యంత పెద్దవి. ఆయన కాసేపు వాటిని చూస్తూ అలాగే కూర్చుండిపోయాడట. పార వెయ్యడానికి చేతులు రాలేదని తర్వాత ఇర్మాతో అన్నాడు.

బకెట్టు వంటింట్లోకి వచ్చేసరికి ఇర్మాకు అంతా అర్థమైంది.

"ఏవయ్యా, నీకు మతి పోయిందా?"

"పోలేదు."

"ఆ పిల్ల ఏదో చెప్పిందని నువ్వు విషం తింటావా?"

"ఆ పిల్ల తినమనలేదు. వింటే నన్ను చంపేస్తుంది. నాకిప్పుడు డెబ్భై నాలుగు. ఈ విషం మనిషిని నెమ్మదిగా తింటుందన్నారు కదా. నన్ను తినడం పూర్తయ్యేలోపల ఇంకేదో వచ్చి తీసుకుపోతుంది."

ఇర్మా ఉతికిన బట్టల బుట్ట తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. ఆంబ్రోస్ ఒక్కడే ఆల్చిప్పలను ఉప్పునీళ్ళలో వేసి ఇసుక కక్కించి, పెద్ద గిన్నెలో ఉల్లిపాయ, వెన్న వేసి మూతపెట్టాడు. మూత అంచున ఆవిరి రావడం మొదలై, ఆ వాసన కిటికీలోంచి పెరట్లోకి వెళ్ళింది. ఇర్మా బట్టలు ఆరేస్తోంది. చేతిలో దుప్పటి అలాగే ఉండిపోయింది. లోపలికి వచ్చి, చేతులు తుడుచుకుని, ఆయనకెదురుగా కూర్చుంది.

"నువ్వొద్దు," అన్నాడు ఆయన.

"యాభై ఏళ్ళుగా నువ్వు ఎప్పుడైనా ఒంటరిగా తిన్నావా? ఇప్పుడెందుకు కొత్తగా?" పళ్ళెం ముందుకు తోసింది. "పెట్టు."

తిన్నారు. అదే రుచి. విషముందని నాలుకకు ఏమీ తెలియలేదు. ఇర్మా చిప్పల్లో మిగిలిన రసం కూడా తాగేసింది. చిన్నప్పుడు వాళ్ళమ్మ అలా తాగితే తిట్టేదట. తింటున్నంతసేపూ ఇద్దరూ చాలా సంతోషంగా ఉన్నామని, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉందని ఇర్మా ఎన్నోసార్లు అంది.

జూన్‌లో రోవీనా వచ్చేసరికి ఇంటి వెనక చిప్పల కుప్ప మోకాలెత్తు పెరిగింది. ఆవిడ దాన్ని చూసింది. పెట్టె కింద పెట్టకుండానే వాకిట్లో నిలబడింది.

"ఇవెక్కడివి మావయ్యా?"

"అడుగు. అడగడానికేగా వచ్చావు. పోయిన మూడు నెలల్లో ఎన్నిసార్లు తిన్నారు అని అడుగు."

"నేను అడగను."

"అడక్కపోతే ఎలా? జీతం తీసుకుంటున్నావు."

"నేను రాయను మావయ్యా. నువ్వు నాకోసం... నేను చెప్పబట్టి..."

"నీకోసం కాదు," అన్నాడు ఆంబ్రోస్. గొంతు పెంచలేదు. "కూర్చో. నేను చెప్పేది విను. నువ్వు రాయకపోయినా నేను తిన్నది తిన్నట్టే. రాస్తే దానికో అర్థం ఉంటుంది. రాయకపోతే ఒక ముసలాడు తిండికి కక్కుర్తిపడ్డట్టు."

రోవీనా ఇర్మా వైపు తిరిగింది. "నువ్వైనా చెప్పొచ్చు కదా అత్తా."

"నేనూ తింటున్నానే," అంది ఇర్మా. "నాది వేరే కాగితంలో రాయి. ఇద్దరిదీ కలిపేస్తే ఒక్కరనుకుంటారు."

రోవీనా ఏడ్చింది. ఏడుస్తూనే రాసింది. రబ్బరు ఆల్చిప్ప చూపించి ఇంతుందా అని అడిగింది. ఇంతకంటే పెద్దదన్నాడు ఆంబ్రోస్. ఎన్నిసార్లు? నీళ్ళు తీసిన ప్రతి వారం, దొరికినన్ని రోజులు. ఆవిడ అబద్ధం రాయలేదు, తగ్గించి రాయలేదు, పెంచీ రాయలేదు. మూడు నెలలు గడిచాక మళ్ళీ వచ్చి రాసింది. చలికాలంలో పాటు చీకటిపడ్డాకే వస్తుంది; అప్పుడు ఇర్మా లాంతరు పట్టుకుని వెంట వెళ్ళేదని కూడా రాసింది, దానికి కాగితంలో గడి లేకపోయినా.

ఊళ్ళో తెలియకుండా ఎలా ఉంటుంది. పెద్దల సభ ఆంబ్రోస్‌ను పిలిచి మానెయ్యమంది. క్లినిక్ నర్సు ఇంటికి వచ్చి గంటసేపు మాట్లాడింది. ఆవిడకు కాఫీ ఇచ్చి పంపాడు. కొందరు పడుచువాళ్ళు మేమూ తవ్వుతాం తాతా అని బకెట్లతో ఒడ్డుకు వస్తే మాత్రం ఆయన పార ఎత్తి తరిమాడు.

"పిల్లల్ని కనాల్సినవాళ్ళు మీరు. పొండి. ఇది ముసలాళ్ళ వంట," అన్నాడు. ఆ మాట ఊళ్ళో చాలారోజులు నవ్వులాటగా నడిచింది. ఎవరి ఇంట్లోనైనా కూర మాడితే, ముసలాళ్ళ వంటా అనేవాళ్ళు.

ఏడాది అడగడం ముగిసింది. లెక్కలు వేయడానికి ఇంకో ఆరు నెలలు పట్టింది. అక్టోబరులో మా సామూహిక భవనంలో సభ పెట్టారు. రాష్ట్రం తరఫున వచ్చినాయన పేరు నీల్ హాల్వర్సన్. మంచివాడే. వచ్చిన ప్రతిసారీ ముందు పెద్దవాళ్ళను పలకరించి, పెట్టింది తిని, అప్పుడే కాగితాలు తీసేవాడు. ఆరోజు సాల్మన్ చేప పులుసు, వేపుడు రొట్టె తిన్నాడు. తర్వాత గోడమీద బొమ్మలు వేసి చూపించాడు.

జనం సగటున ఎంత తింటున్నారో చెప్పాడు. ఎక్కువ తినేవాళ్ళను దృష్టిలో పెట్టుకునే అంకె నిర్ణయించామన్నాడు. ఆ అంకె విని ఊళ్ళోవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అది ఒకప్పుడు మా పెద్దవాళ్ళు ఒక పూటకు తినేదాన్ని నెలకు పంచినట్టుంది.

ఆంబ్రోస్ లేచి నిలబడ్డాడు. "అయ్యా, మీరు చెప్పిన లెక్కలో అందరి జవాబులూ ఉన్నాయా?"

నీల్ కాగితాలు తిరగేశాడు. "రెండు జవాబులు తీసేశామండి. మిగతావాటికి మరీ దూరంగా ఉన్నాయి. అలా మరీ ఎక్కువగా ఉన్నవాటిని పొరపాటు కింద తీసెయ్యాలన్నది ముందే పెట్టుకున్న నియమం."

"పొరపాటు ఎవరిది?"

"ఎవరి పేర్లూ మా దగ్గర ఉండవు."

"ఎవరో ముసలి మొగుడూ పెళ్ళాం అయ్యుంటారు," అన్నాడు ఆంబ్రోస్.

సభలో కొందరు నవ్వారు. రోవీనా నవ్వలేదు. వెనక వరసలో కూర్చున్న ఇర్మా కూడా నవ్వలేదు. నీల్‌కు విషయం అప్పుడు తెలిసింది. అతని చేతిలో కాగితం ఉంది. దాన్ని మడిచాడు, మళ్ళీ విప్పాడు.

"మనిషి అంత తినలేడనుకున్నారా?" అడిగాడు ఆంబ్రోస్.

"తినొచ్చండి. కాదనను. కానీ ఇద్దరి వల్ల మొత్తం లెక్క మారిపోతుంది."

"మారాలనే కదా బాబూ తిన్నది."

ఆంబ్రోస్ కూర్చుంటూ అన్నాడు: "రేపు మా ఇంటికి భోజనానికి రా."

నీల్ వచ్చాడు. రాకపోయినా ఎవరూ అడిగేవాళ్ళు కాదు. రోవీనా అతన్ని వెంటబెట్టుకుని వచ్చి, ముందు ఇంటి వెనక్కి తీసుకెళ్ళింది. చిప్పల కుప్ప అప్పటికి చూరుకింద గోడకానుకుని కిటికీ దాకా పెరిగింది. పైవి తెల్లగా ఎండిపోయాయి, అడుగువి నాచుపట్టి ఉన్నాయి. అతను ఒక చిప్ప తీసి చూసి, చూసిన చోటే పెట్టేశాడు.

లోపల ఇర్మా బల్ల సర్దింది. నాలుగు పళ్ళేల్లో ఆల్చిప్పలు వడ్డించింది. ఆవిరి లేస్తోంది. నీల్ కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. పళ్ళెం వైపే చూస్తున్నాడు.

"తిను బాబూ," అంది ఇర్మా.

"నేను తినలేనమ్మా," అన్నాడు చివరికి. "క్షమించండి. ఈ బురదలో ఏముందో నాకు తెలుసు. నేను తినలేను."

రోవీనా మొహం తిప్పుకుంది. ఇర్మా ఏదో అనబోయింది, ఆంబ్రోస్ ఆపాడు.

"తినొద్దులే. ఇంటి దగ్గర చిన్నపిల్లలున్నారన్నావు కదా," అని లేచి, అతని ముందున్న పళ్ళెం తీసి తన పళ్ళెంలో వంచుకున్నాడు. "ఇర్మా, రొట్టె ఉందా? వెన్న తీసుకురా. కాఫీ పెట్టు."

నీల్ రొట్టె చేత్తో పట్టుకుని చాలాసేపు తినలేదు. "మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను," అన్నాడు. "నమ్మకమున్నా వాటిని వెనక్కి చేర్చలేను. నియమం మారిస్తే మిల్లు వాళ్ళ లాయర్లు మొత్తం సర్వేనే కొట్టించేస్తారు. అప్పుడు మిగిలినవాళ్ళ జవాబులు కూడా పోతాయి. మళ్ళీ మొదటినుంచి ఏళ్ళు పడుతుంది."

"ఎన్నేళ్ళు?"

"తెలీదండి."

"నాకు మాత్రం తక్కువున్నాయి," అన్నాడు ఆంబ్రోస్.

"తినడం మానెయ్యండి. దయచేసి. మీరు తిన్నా ఇక లెక్కలోకి రాదు."

ఆంబ్రోస్ తలూపాడు. తన పళ్ళెంలో సగం మిగిలింది. ఎప్పుడూ మిగల్చని మనిషి. ఇర్మా దాన్ని తీసి గిన్నెలో వేసింది. నీల్ వెళ్ళేటప్పుడు ఇద్దరితో చేతులు కలిపి కారెక్కాడు.

ఆ తర్వాత ఆంబ్రోస్ పాయలోకి దిగలేదు. కడుపు నిండా తిన్నన్నాళ్ళూ చలాకీగా తిరిగిన మనిషి, మానేశాక కిటికీ దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. నీళ్ళు తీసినప్పుడు చూసేవాడు, నీళ్ళు వచ్చినప్పుడు చూసేవాడు. ఇర్మా పలకరిస్తే, "ఏం లేదే," అనేవాడు. అసలు బాధ ఏమిటో ఒక్కసారే బయటపెట్టాడు, రోవీనాతో.

"తప్పని కొట్టేస్తే బాధలేదే. అబద్ధమని కొట్టేసినా సరే, పోట్లాడొచ్చు. పొరపాటంట. మనం తిన్నదే పొరపాటంట."

రోవీనా ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఫిబ్రవరిలో ఆయన కళ్ళు పచ్చబడ్డాయి. నగరంలో పెద్దాసుపత్రికి తీసుకెళితే కాలేయంలో గడ్డ అన్నారు. బాగా ముదిరిందన్నారు. ఇర్మా డాక్టరును పక్కకు పిలిచి అడిగింది.

"ఆల్చిప్పల వల్లనా అమ్మా?"

డాక్టరు చిన్నవయసావిడ. ఓపిగ్గా చెప్పింది. ఏడాదిన్నర తిన్నందుకు ఇంత త్వరగా ఇలాంటిది రాదు, ఇది చాలాకాలంగా ఉండి ఉండాలి, ఎక్కడ పనిచేసేవారు అని అడిగింది. యార్డులో అంది ఇర్మా. డాక్టరు తలూపి రాసుకుంది. అదీ కావచ్చు, అది కూడా కాకపోవచ్చు, ఎవరూ చెప్పలేరు అంది.

"ఎవరూ చెప్పలేరంట," అని ఇర్మా వచ్చి రోవీనాతో అంది. "అన్నీ కొలుస్తారు. ఇది మాత్రం కొలవలేరంట."

రోవీనా అక్కడే గోడకు ఆనుకుని నేలమీద కూర్చుంది. డాక్టరు చెప్పిన మాట విన్నది, అర్థం చేసుకున్నది, నమ్మలేకపోయింది. తాను ఆ వంటింట్లో కలం మూతపెట్టి వివరంగా చెప్పకపోయుంటే ఎలా ఉండేదోనన్న ఆలోచన ఆవిడను వదల్లేదు. ఇర్మా ఆ సంగతి కనిపెట్టింది.

"నువ్వు చెప్పకపోతే ఇంకొకళ్ళు చెప్పేవాళ్ళే. ఆయనకి తెలియాల్సిన మాట అది," అంది. "ఆ ఏడాది ఆయన ఎంత బాగున్నాడో నువ్వు చూడలేదు. నేను చూశాను. లే, నేల చల్లగా ఉంది."

ఆంబ్రోస్‌ను ఇంటికి తెచ్చేశారు. ఏప్రిల్ రెండో వారంలో పోయాడు. పోయే ముందురోజు మధ్యాహ్నం బాగా మెలకువగా ఉండి, కిటికీ తెరవమన్నాడు. నీళ్ళు తీసి ఉన్నాయి. బురద వాసన గదిలోకి వచ్చింది. ఆయన అడిగిందల్లా, ఆ బురద తవ్వి తీసెయ్యడం ఎప్పుడు మొదలుపెడతారని. ఈ వేసవి రాగానే మావయ్యా అంది రోవీనా. "బాగా లోతుగా తవ్వమను," అన్నాడు.

అంత్యక్రియలకు నీల్ హాల్వర్సన్ వచ్చాడు. వెనక నిలబడి, చివర్లో ఇర్మా దగ్గరికి వచ్చి తలవంచుకున్నాడు. ఇర్మా అతని భుజం తట్టి, తినకుండా వెళ్ళకు అంది.

అంకె ఖాయమైంది. మా పెద్దలు అడిగినదానికీ మిల్లు వాళ్ళు ఒప్పుకుంటామన్నదానికీ మధ్యలో ఎక్కడో ఉంది. వేసవిలో బురద తవ్వే ఓడ వచ్చింది. పెద్ద ఇనుపతొట్టి నీళ్ళలోకి దిగి, నల్లటి బురద ఎత్తి పంటుల్లో పోసేది. నెలలతరబడి ఆ చప్పుడు. పంటులు బురద తీసుకుపోయాయి, శుభ్రమైన ఇసుక తీసుకొచ్చాయి. ఒడ్డంతా ఇసుక పరిచారు. చూడటానికి అందంగా ఉంది, ఎవరో దూరదేశం నుంచి తెచ్చి పరిచిన జంపఖానాలాగ. పాత బురదతోపాటు అందులో ఉన్న ఆల్చిప్పలన్నీ పోయాయి. మళ్ళీ పెరగాలంటే నాలుగైదేళ్ళు ఆగాలన్నారు. పాత బోర్డులు పీకి కొత్తవి పాతారు. వాటిమీద ఎర్రగీత లేదు. పెద్దవాళ్ళు నెలకు ఒక పళ్ళెం తినవచ్చు, గర్భిణులూ పిల్లలూ తినరాదు అని రాసి ఉంది.

ఇర్మా ఒకసారి వెళ్ళి ఆ బోర్డు చదివి వచ్చింది. "నెలకొకటి," అంది.

ఆంబ్రోస్ పోయి ఏడాది నిండినప్పుడు, మా ఆనవాయితీ ప్రకారం పెద్ద విందు చేశారు. పోయినవాళ్ళ పేరు మీద అందరికీ కడుపునిండా పెట్టాలి. ఆల్చిప్పలు లేకుండా ఆంబ్రోస్ పేర విందేమిటన్నారు ఊళ్ళోవాళ్ళు. ఉత్తరాన కారులో మూడు గంటల దూరంలో ఉన్న మా బంధువుల తెగ ఒడ్డు ఇంకా శుభ్రంగానే ఉంది. వాళ్ళు బస్తాలు కట్టి పంపించారు, డబ్బు తీసుకోలేదు. రాళ్ళు కాల్చే పని రోవీనా చేసింది. ఎప్పుడు తియ్యాలో ఎవరికీ సరిగ్గా తెలియలేదు. వాసన చూసి, ఇప్పుడా ఇప్పుడా అని ఒకరినొకరు అడిగారు. ఎవరో గడియారం పెట్టారు.

మొదటి పళ్ళెం ఇర్మాకు ఇచ్చారు. అందరూ ఆవిడ తినేదాకా ఆగారు. ఆవిడ ఒకటి తిని, నిదానంగా నమిలి, చిప్ప పక్కన పెట్టింది.

"ఎలా ఉంది అత్తా?" అడిగింది రోవీనా.

"బాగుంది," అంది ఇర్మా. "వాళ్ళ ఒడ్డు మంచిది. మంచి ఆల్చిప్ప."

ఇంకొకటి చేత్తో తీసుకుంది కానీ తినలేదు. చేతిలోనే ఉంచుకుని పాయ వైపు చూస్తూ కూర్చుంది. ఏడాదిగా ఎవరి ముందూ ఏడవని మనిషి, అప్పుడు ఏడ్చింది. చప్పుడు లేకుండా, మొహం దాచుకోకుండా. రోవీనా పక్కన కూర్చుని ఆవిడ చేతిలోంచి ఆ చిప్ప తీసుకోబోయింది. ఇర్మా ఇవ్వలేదు.

"ఉండనీ," అంది. "మీరు తినండి. చల్లారిపోతాయి."

జనం వరసగా వచ్చి పళ్ళేలు నింపుకున్నారు. చిన్నపిల్లలు కొందరు మొదటిసారి తింటున్నారు. ఒకడు మొహం వికారంగా పెట్టి ఉమ్మేశాడు, వాడి అక్క వాడి వాటా కూడా లాక్కుని తినేసింది.

సాయంత్రానికి బస్తాలన్నీ ఖాళీ అయ్యాయి. పాయలోకి నీళ్ళు వచ్చి కొత్త ఇసుకను కప్పేశాయి.